సైన్స్ టీచర్లకి ఆన్‌లైన్ ట్రైనింగ్: ఏది పనికొస్తుంది, ఏది సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతుంది

ముందే చెప్పేస్తాను. ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరుకి ఆన్‌లైన్‌లో దొరికేవాటిలో నా మొదటి ఓటు తెర మీద ప్రయోగాలు చేయించే ఫెట్ సైటుకి, రెండోది ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో హెచ్.సి.వర్మ గారి ఫిజిక్స్ కోర్సుకి. ప్రభుత్వ యాప్ దీక్షాది మూడో స్థానం, అది కూడా ఎలా వాడుకోవాలో తెలిసినవాళ్లకే. కోడింగ్, ఆర్డ్యునో (కోడ్ రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) లాంటివి నెత్తిన పడ్డవాళ్లు బ్రౌజర్లోనే సర్క్యూట్లు కట్టించే టింకర్‌క్యాడ్‌తో మొదలుపెట్టండి. గంటన్నర వెబినార్ పెట్టి, ఫీజు కట్టించుకుని, రంగురంగుల సర్టిఫికెట్ మెయిల్ చేసే బాపతు సంస్థల జోలికి మాత్రం పోకండి. ఇంతవరకు తెలిస్తే చాలనుకున్నవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. ఎందుకిలా అంటున్నానో కావాలంటే చదవండి, కొంచెం పొడుగే.

నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఎస్ (ఫిజికల్ సైన్స్) టీచర్ని. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకి ఫిజిక్సూ కెమిస్ట్రీ రెండూ నావే, మ్యాథ్స్ సార్ సెలవు పెడితే ఆ పీరియడూ నాదే. ల్యాబ్ అంటే ఒక బీరువా, దాని తాళంచెవి, స్టాక్ రిజిస్టర్లో రాసి ఉన్న సామాను. జాతీయ విద్యా విధానం 2020 ఏమో ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ తీసుకోవాలంటుంది. ఏడాది మొత్తం మీద 50 గంటలంటే పెద్ద లెక్కేం కాదు, కానీ అవి ఎక్కడినుంచి వస్తాయంటే సాయంత్రం స్పెషల్ క్లాసులయ్యాక మిగిలిన ఓపికలోంచి, సర్వేలూ ఎలక్షన్ డ్యూటీలూ లేని ఆదివారాల్లోంచి వస్తాయి. అందుకని ఉచితమా కాదా అన్నది నాకు రెండో ప్రశ్న. పెట్టిన సాయంత్రానికి మర్నాడు క్లాసులో నేను అడిగే ప్రశ్న ఏమైనా మారిందా అన్నదే మొదటిది. ఆ లెక్కనే ఈ మార్కులు వేస్తున్నాను.

దీక్షా గురించి మన దగ్గర రెండు రకాల మాటలే వినిపిస్తాయి: ఆర్డరు కాపీల్లో పొగడ్త, స్టాఫ్‌రూమ్‌లో ఎగతాళి. 2017 సెప్టెంబరు 5న, టీచర్స్ డే రోజు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు దీన్ని ప్రారంభించారు. యాప్ ఉచితం. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి, సిగ్నల్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుని లేనిచోట చూసుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యానికి నేను మంచి మార్కులే వేస్తాను, ఎందుకంటే పల్లెటూరి బడిలో క్లాసు మధ్యలో వీడియో గిర్రున తిరుగుతూ ఆగిపోతే తర్వాత నలభై మందిని మళ్లీ పాఠంలోకి తేవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

శిక్షణ సంగతికొస్తే, కేంద్ర ప్రభుత్వం టీచర్లకి ఇచ్చే నిష్ఠ కార్యక్రమం 2019 ఆగస్టులో ముఖాముఖి ట్రైనింగ్‌గా మొదలైంది. కరోనా వచ్చాక 2020 అక్టోబరు నుంచి దీక్షాలోకి మారింది, ఎలిమెంటరీ వాళ్లకి 18 మాడ్యూళ్లు. 2021లో హైస్కూలు వాళ్ల కోసం నిష్ఠ 2.0 వచ్చింది. కోర్సు నడిచే తీరు దాదాపు ఒకటే: కొన్ని వీడియోలు, చదవాల్సిన మెటీరియల్, మధ్యలో ఒక యాక్టివిటీ, చివర్లో బిట్ల పరీక్ష. 70 శాతం వస్తే సర్టిఫికెట్, రాయడానికి మూడు అవకాశాలు. తేడా ఇక్కడే మొదలవుతుంది. బిట్లలో చాలావరకు మాడ్యూల్లో ఏ మాట ఉందో గుర్తుందా అని అడిగేవే. అలాంటి పరీక్షకి జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకుండా ఉంటాయా? వీడియో ఒక పక్క ఆడుతుంటే ఇంకో పక్క ఎఫ్.ఏ. పేపర్లు దిద్దుకోవడం చూడని స్టాఫ్‌రూమ్ ఉండదు. "మీవెన్నయ్యాయి మేడమ్?" "పదకొండయ్యాయి సార్, ఇంకొక్కటే." మాట అక్కడితో అయిపోతుంది. ఆ పదకొండింటిలో ఏముందని అడిగినవాళ్లు లేరు, అడిగితే బాగుండదు కూడా.

అయినా నా అసలు అభ్యంతరం అది కాదు. నిష్ఠ 2.0లో 12 మాడ్యూళ్లు సబ్జెక్టుతో సంబంధం లేకుండా అందరికీ ఒకటే. బొమ్మలతో బోధన, కళలతో కలిపి బోధన, ఆరోగ్యం, జెండర్ ఇలాంటివి. చదివితే బాగానే ఉంటాయి, తప్పు పట్టడానికేం లేదు. కానీ నేనూ, సోషల్ సారూ, హిందీ పండిట్ గారూ ఒకే వీడియో చూసి ఒకే బిట్లకి జవాబులు నొక్కితే, ఓమ్ నియమం దగ్గర పిల్లలు ఎక్కడ తడబడతారో నాకు ఎవరు చెప్పాలి? అమెరికాలో లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లోనే ఈ మాట అన్నాడు. సబ్జెక్టు తెలియడం ఒకటి, బోధన తెలియడం ఒకటి, ఈ సబ్జెక్టులోని ఈ విషయాన్ని ఈ పిల్లలకి ఎలా అర్థం చేయించాలో తెలియడం మూడోది, టీచరుకి ప్రత్యేకంగా ఉండాల్సింది ఆ మూడోదేనని. మన ట్రైనింగులకి నేను టీచర్నని గుర్తుంటుంది, ఏం చెబుతానో గుర్తుండదు. సబ్జెక్టు మాడ్యూళ్లు అసలు లేవని అనడం లేదు, సైన్స్ బోధన మీద కూడా ఉన్నాయి. మీకు ఎంచుకునే వీలుంటే ముందు వాటినే తెరవండి, కామన్ వాటిని వేసవి సెలవులకి వదిలేయండి.

ఇక ప్రైవేటు వెబినార్లు. పేర్లు చెప్పను, మీ గ్రూపుల్లోనూ ఆ పోస్టర్లు వచ్చే ఉంటాయి. "సైన్స్ టీచర్ల కోసం జాతీయ స్థాయి వర్క్‌షాప్" అని పెద్ద అక్షరాలు, కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో "ఈ-సర్టిఫికెట్ ఉచితం". నేను చేరిన ఒకదాంట్లో మాట్లాడినాయన సొంత యాప్ గురించి ముప్పావు గంట చెప్పి, చివర ఒక ఫారం లింకు పెట్టి, నింపినవాళ్లందరికీ సర్టిఫికెట్ అన్నాడు. ఫారంలో ప్రశ్నలు మూడే: పేరు, బడి, ఫోన్ నంబరు. ఆ తర్వాత నెలంతా ఫోన్లు. దానికి ఇంతకంటే వాక్యాలు ఖర్చు పెట్టదలచుకోలేదు.

ఎన్‌పీటెల్ దగ్గరికొద్దాం. ఇది 2003లో ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టినది. సర్టిఫికెట్ కోర్సులు 2014 నుంచి ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్ ద్వారా చేరొచ్చు. ఎక్కువ భాగం ఇంజినీరింగ్ పిల్లల కోసమే అనుకుని మన హైస్కూలు వాళ్లు అటు చూడరు. చూడాల్సిన కోర్సు ఒకటుంది, ఐఐటీ కాన్పూర్ నుంచి హెచ్.సి.వర్మ గారు చెప్పిన 'లెర్నింగ్ ఫిజిక్స్ త్రూ సింపుల్ ఎక్స్‌పెరిమెంట్స్'. ఇంటర్లో ఐఐటీ కోచింగ్ తీసుకున్న ప్రతి పిల్లాడి బ్యాగులో ఆయన ఫిజిక్స్ పుస్తకాలు ఉంటాయి, ఆ వర్మ గారే. 2017లో రిటైరయ్యారు, 2020లో పద్మశ్రీ ప్రకటించారు. టీచర్లతో, పిల్లలతో ప్రయోగాలు చేయించే అన్వేషిక కేంద్రాల వెనక ఉన్నదీ ఆయనే.

కోర్సు గొప్పతనం పేరులోనే ఉంది: సింపుల్. ఇంట్లోనో బజార్లోనో దొరికే సామానుతో ప్రయోగం చేస్తారు, ఏం జరిగిందో మనల్ని చూడనిస్తారు, ఎందుకలా జరిగి ఉంటుందని అడుగుతారు, ఆ తర్వాతే సూత్రం. మన పద్ధతి ఎలా ఉంటుందో తెలుసుగా, ముందు నియమం బోర్డు మీద, తర్వాత నిర్వచనం నోట్సులో, టైముంటే ప్రయోగం. ఆ వరసని తిరగేయడం అన్న ఒక్క అలవాటు కోసమే ఈ కోర్సు చేయొచ్చు. పదో తరగతి విద్యుదయస్కాంతత్వంలో లెంజ్ నియమం పాఠాన్ని నేను ఇప్పుడు పూర్తిగా వేరేగా మొదలుపెడుతున్నాను. అల్యూమినియం కర్టెన్ రాడ్ ముక్క ఒకటి, అంతే పొడుగు ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి, ఒక చిన్న నియోడిమియం అయస్కాంతం, దాదాపు అంతే సైజు ఇనప నట్టు. అల్యూమినియం గొట్టంలోంచి నట్టు వేస్తే టక్కున పడుతుంది, అయస్కాంతం వేస్తే నింపాదిగా దిగుతుంది. "సార్, అతుక్కుంటోంది" అన్నారు వెనక బెంచీ వాళ్లు. అయస్కాంతాన్ని గొట్టానికి బయట ఆనించి చూపిస్తే అతుక్కోదు. "గొట్టంలో గాలి ఇరుక్కుంది" అన్నారు. ప్లాస్టిక్ పైపులోంచి వేస్తే టక్కున పడింది. అప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోయి, ఇంకేం కారణం చెప్పాలో తెలియక నా మొహం చూశారు. లెంజ్ నియమం చెప్పాల్సింది అప్పుడు. అయస్కాంతం దిగుతుంటే గొట్టంలో అభివాహం (దానిలోంచి పోయే అయస్కాంత బలరేఖల లెక్క) మారుతుంది, ప్రేరిత విద్యుత్తు పుడుతుంది, అది ఆ మార్పునే ఎదిరిస్తుంది అని చెబితే మొదటిసారి ఒకరిద్దరు తలూపకుండా ప్రశ్నలు వేశారు. "మరి గొట్టం వేడెక్కుతుందా సార్" అన్న ప్రశ్న ఒక అమ్మాయిది. శక్తి నిత్యత్వం అదే క్లాసులోకి దానంతటదే నడిచొచ్చింది. (వేడెక్కుతుంది, కాకపోతే చేతికి తెలిసేంత కాదు.)

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎన్‌పీటెల్ పద్ధతిలో అసైన్‌మెంట్లకి 25, చివరి పరీక్షకి 75. ఎనిమిది వారాల కోర్సయితే ఎనిమిది అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఆరు లెక్కలోకి తీసుకుంటారు. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 రెండూ వస్తేనే సర్టిఫికెట్, 60 దాటితే ఎలీట్, 75 దాటితే సిల్వర్, 90 దాటితే గోల్డ్. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటర్‌కి వెళ్లాలి, మండలంలో ఉండేవాళ్లకి అది ఒక రోజు పని. చేరడం, వీడియోలు, అసైన్‌మెంట్లు ఉచితం, పరీక్షకి నేను కట్టినప్పుడు వెయ్యి రూపాయలు. ఇంకోటి, పరీక్ష అడిగేది ఫిజిక్స్, ఫిజిక్స్ ఎలా చెబుతారన్నది కాదు. ప్రయోగాన్ని మన క్లాసుకి దింపుకోవడం మన పనే. ఏ కోర్సయినా ప్రతి సెమిస్టర్లో తెరుస్తారన్న గ్యారంటీ లేదు. సర్టిఫికెట్ అక్కర్లేదనుకుంటే వీడియోలు ఎప్పుడైనా చూసుకోవచ్చు, అవి ఎక్కడికీ పోవు. ఇంగ్లీషు గబగబా వినడం అలవాటు లేనివాళ్లు వేగం తగ్గించుకుని చూడండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇప్పుడు ఫెట్. ఇది ట్రైనింగ్ కోర్సే కాదు కదా, రివ్యూలో ఎందుకు అంటారేమో. నా మటుకు నాకు ఏ కోర్సూ నేర్పనంత ఇది నేర్పింది, అందుకే మొదటి స్థానం. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌లో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టాడు. అంతకు ముందేడాదే ఆయనకి ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది, బోస్-ఐన్‌స్టైన్ కండెన్సేట్ మీద చేసిన పనికి. నోబెల్ వచ్చిన మనిషి పిల్లలకి సర్క్యూట్లు బొమ్మల్లా ఆడించే ప్రోగ్రాముల మీద కూర్చోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, మన దగ్గరైతే ఆయన్ని శాలువాలతోనే ముంచేసేవాళ్లు. మొదట ఫిజిక్స్ మాత్రమే, ఇప్పుడు కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్ కూడా ఉన్నాయి. ఉచితం. చాలా సిమ్యులేషన్లని ఒక ఫైలుగా దించుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్లో నడుస్తాయి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఐఎఫ్‌పీ ప్యానెల్‌కి (క్లాసులో ఉండే పెద్ద టచ్ తెర) తగిలించేయొచ్చు. తెలుగులోకి అనువాదమైనవీ ఉన్నాయి.

ముందుగా తెరవాల్సింది సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్, డీసీది. బ్యాటరీ, తీగలు, బల్బులు, స్విచ్, నిరోధం అన్నీ పక్కన ఉంటాయి, లాగి కలుపుకోవడమే. నాణెం, పెన్సిలు, రబ్బరు, చివరికి ఒక కుక్క కూడా ఉంది, కరెంటు పోతుందో లేదో చూడటానికి. మా పిల్లలు మొదట కలిపేది ఎప్పుడూ కుక్కనే. బ్యాటరీ రెండు చివర్లూ ఉత్త తీగతో కలిపితే మంట వస్తుంది. ఇవన్నీ చేసేశాకే వాళ్లు పాఠంలోకి వస్తారు, అందుకే మొదటి ఐదు పది నిమిషాలు ఏ సూచనా ఇవ్వకుండా పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేయమని ఫెట్ వాళ్లే టీచర్లకి రాసిన సలహాల్లో చెబుతారు. ఆ సలహాల పేజీలే నా దృష్టిలో అసలైన ట్రైనింగ్. ఒక్క కంప్యూటరే ఉన్న క్లాసులో ఎలా వాడాలి, ముందు ఊహ చెప్పించి తర్వాత ఎలా చూపించాలి, పనిని అంచెలంచెలుగా రాసిచ్చి పిల్లల బుర్రకి పని లేకుండా చేసే పొరపాటు ఎలా తప్పించుకోవాలి, ఇవన్నీ సూటిగా ఉంటాయి. ఏ పన్నెండు మాడ్యూళ్లూ అక్కర్లేదు.

శ్రేణి సంధానం పాఠమే తీసుకోండి. ఒకేలాంటి రెండు బల్బులు వరసగా కలిపి, ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగితే క్లాసులో సగానికి పైగా బ్యాటరీకి దగ్గరున్నదే అంటారు. మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది, మిగిలింది రెండోదానికి వెళ్తుందని వాళ్ల లెక్క. ఇది మన పిల్లల తెలివితక్కువతనం కాదు, చాలా దేశాల్లో చాలామంది పిల్లలు చెప్పే జవాబే ఇది, సైన్స్ బోధన మీద పరిశోధన చేసేవాళ్లకి బాగా తెలిసిన సంగతి. బోర్డు మీద "శ్రేణిలో విద్యుత్ ప్రవాహం సమానం" అని ఎన్నిసార్లు రాసినా ఆ లెక్క లోపల అలాగే ఉంటుంది, పరీక్షలో సూత్రం రాస్తారు, మనసులో మాత్రం మొదటి బల్బు తింటూనే ఉంటుంది. ఫెట్‌లో ముందు చేతులెత్తించి ఓట్లు వేయించి, తర్వాత స్విచ్ వేస్తే రెండు బల్బులూ ఒకేలా వెలుగుతాయి, తీగలో ఎలక్ట్రాన్లు అంతటా ఒకే జోరుతో కదలడం కనిపిస్తుంది, అమ్మీటరు ఎక్కడ పెట్టినా అదే అంకె. ఓడిపోయిన సగం క్లాసు అప్పుడు గొడవ పెట్టుకుంటుంది. ఆ గొడవ కావాలి. ఇంకోటి, కరెంటుని ఎలక్ట్రాన్లుగా చూపించాలా, సంప్రదాయ దిశలో బాణాలుగా చూపించాలా అని మార్చుకునే మీట ఉంది. పుస్తకంలో బాణం ఒకవైపు, ఎలక్ట్రాన్ ఇంకోవైపు ఎందుకు పోతుందన్న తలనొప్పి ఒక నిమిషంలో తేలిపోతుంది.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. ఎలక్ట్రాన్లు తెర మీద చకచకా పరిగెడతాయి, మన పదో తరగతి లెక్క ప్రకారం ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ పోతుంటే అపసర వేగం, అంటే ఎలక్ట్రాన్లు సగటున ముందుకు జరిగే వేగం, సెకనుకి 0.07 మిల్లీమీటర్లే. ఈ మాట మనం చెప్పకపోతే పిల్లలు కరెంటంటే ఎలక్ట్రాన్ల రేసు అనుకుంటారు. రెండోది, సమాంతరంగా బల్బుల మీద బల్బులు కలుపుతూ పోయినా తెర మీద ఏదీ డల్ అవ్వదు. బీరువాలోంచి తీసిన పాత సెల్లుకి టార్చి బల్బులు కలిపి చూపిస్తే ఒక్కొక్కటీ కలిపినకొద్దీ అన్నీ డల్ అవుతాయి. "కంప్యూటర్ అబద్ధం చెప్పింది సార్" అన్నాడు ఒక పిల్లాడు, నాకు ఆ ఏడాది వచ్చిన మంచి ప్రశ్నల్లో అదొకటి. కిట్‌లో అడ్వాన్స్‌డ్ అన్నచోట బ్యాటరీ అంతర్నిరోధం (దాని లోపలే ఉండే నిరోధం) పెంచే స్లైడర్ ఉంది, మొదట అది సున్నా మీద ఉంటుంది. దాన్ని కొంచెం జరిపితే తెర మీద బల్బులు కూడా డల్ అయ్యాయి. కాబట్టి సిమ్యులేషన్ ఒక్కటే చూపించి వదలొద్దు, నిజం సెల్లు పక్కన పెట్టండి. రెండూ తేడా చూపించినచోటే పాఠం దొరుకుతుంది.

కెమిస్ట్రీలో రియాక్టెంట్స్, ప్రోడక్ట్స్ అండ్ లెఫ్టోవర్స్ అనేది బాగుంటుంది. రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక చీజ్ ముక్క కలిస్తే ఒక శాండ్‌విచ్, ఏది ముందు అయిపోతే అక్కడితో ఆగిపోతుంది, ఏది ఎంత మిగిలిందో లెక్కపెట్టాలి. మా పిల్లలకి చీజ్ ఏమిటో చెప్పేసరికి పీరియడ్ అయిపోతుందని నేను బోర్డు మీద ప్లేటుకి రెండు ఇడ్లీ ఒక వడ లెక్కన మొదలుపెట్టి, తర్వాత తెర మీద నీటి అణువుకి వెళ్లాను. సమీకరణాలు తుల్యం చేసేది కూడా ఉంది, స్లో లెర్నర్స్‌కి అదొక్కటి చాలు. ముందు రాసిన గుణకం ఏమిటో, అణువు లోపలి సబ్‌స్క్రిప్ట్ ఏమిటో తేడా తెలియక మార్కులు పోగొట్టుకునేవాళ్లకి బొమ్మలో అణువులు లెక్కపెట్టుకుంటే తెలిసిపోతుంది.

ఓల్యాబ్స్ గురించి రెండు ముక్కలు. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ కలిసి చేసిన ఆన్‌లైన్ ల్యాబ్ ఇది, తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకి. ప్రయోగం వారీగా సిద్ధాంతం, చేసే పద్ధతి, యానిమేషన్, సిమ్యులేషన్, చివర వైవా ప్రశ్నలు. మంచి రికార్డు పుస్తకం తెరిచినట్టు ఉంటుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌కి పిల్లల్ని తయారు చేసేవాళ్లకి, చాలా ఏళ్ల తర్వాత టైట్రేషన్ చూపించాల్సిన టీచరుకి బాగా ఉపయోగం. ఫెట్ లాగా ఆడుకోనివ్వదు, చెప్పిన దారిలోనే నడిపిస్తుంది.

టెక్నాలజీ వైపు పరిస్థితి ఇంకోలా ఉంది. నీతి ఆయోగ్ వాళ్ల అటల్ టింకరింగ్ ల్యాబులు 2016లో మొదలయ్యాయి, బడికి 20 లక్షల దాకా గ్రాంటు, ఆర్డ్యునో బోర్డులు, సెన్సర్లు, త్రీడీ ప్రింటరు వస్తాయి. వచ్చాక ఇన్‌చార్జ్ ఎవరు? కంప్యూటర్ టీచరు లేని బడిలో పీఎస్ సారే. డిగ్రీలో ఫిజిక్స్ చదివినంత మాత్రాన ఆర్డ్యునోకి కోడ్ రాయడం రాదు కదా. బోర్డు కాలిపోతుందేమో, సెన్సర్ పోతే స్టాక్ రిజిస్టర్లో ఏం రాయాలన్న టెన్షన్‌తోనే చాలాచోట్ల డబ్బాలు సీలు కూడా విప్పరు. ఆటోడెస్క్ వాళ్ల టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్ ఈ భయానికి మందు. బ్రౌజర్లోనే బ్రెడ్‌బోర్డు, ఆర్డ్యునో, ఎల్ఈడీ, సెన్సర్లు ఉంటాయి. నిరోధం పెట్టకుండా ఎల్ఈడీ కలిపితే అది పేలినట్టు గుర్తు చూపిస్తుంది, పైసా నష్టం లేదు. కోడ్‌ని మొదట బ్లాకులతో పేర్చుకోవచ్చు, పక్కనే అదే కోడ్ అక్షరాల్లో ఎలా ఉంటుందో కనిపిస్తుంది, కొన్నాళ్లకి బ్లాకులు వదిలేయొచ్చు. పిల్లలకి మెయిల్ ఐడీలు లేకపోయినా క్లాస్ కోడ్‌తో లోపలికి తీసుకురావొచ్చు. ట్రాఫిక్ లైటు ఒకటి, చీకటి పడితే వెలిగే దీపం ఒకటి చేసుకుంటే చాలు, ఆ తర్వాత అసలు డబ్బా విప్పే ధైర్యం వస్తుంది. దీనికి నెట్ మాత్రం తప్పదు, అదే దీని లోటు.

ఇన్ని చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి, చేతులతో చేసే పని ఏ తెరా నేర్పదు. బర్నర్ దగ్గర టెస్ట్ ట్యూబు ఎలా వంచి పట్టుకోవాలి, బ్యూరెట్ కొళాయి ఎంత తిప్పితే ఒక్క చుక్క పడుతుంది, పుటాకార దర్పణం ముందు తెర జరుపుతుంటే ప్రతిబింబం ఎక్కడ స్పష్టంగా నిలుస్తుంది, ఇవి పక్కన మనిషి నిలబడి చూపించాల్సినవే. బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు కర్ణాటకలో చళ్ళకెరె దగ్గరున్న క్యాంపస్‌లో సైన్స్ టీచర్లని అక్కడే ఉంచి, ల్యాబుల్లో ప్రయోగాలు చేయిస్తూ ట్రైనింగ్ ఇస్తారు. అలాంటిది మన జిల్లాకొకటి ఉంటే నేను ఈ రివ్యూలో సగం రాసేవాణ్ని కాదు. ఆ 50 గంటల్లో కనీసం 15 గంటలైనా సబ్జెక్టు వారీగా, ల్యాబు బల్ల దగ్గర జరగాలని స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో అడిగే హక్కు మనకుంది, అడుగుదాం.

డబ్బు, డేటా సంగతి అడిగేవాళ్లకి: ఫెట్, ఓల్యాబ్స్, దీక్షా, టింకర్‌క్యాడ్ నాలుగూ ఉచితమే. ఎన్‌పీటెల్‌లో పరీక్ష రాస్తేనే ఖర్చు, ఆ సర్టిఫికెట్‌ని 50 గంటల్లో లెక్కేస్తారా లేదా అన్నది కట్టేముందే మీ ఎం.ఈ.ఓ. ఆఫీసులో కనుక్కోండి. ఫెట్ ఫోన్లో కూడా నడుస్తుంది కానీ సర్క్యూట్ కలపడానికి చిన్న తెర మీద వేళ్లు ఇబ్బంది పడతాయి, ల్యాప్‌టాప్ గానీ ప్యానెల్ గానీ మేలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నెలకి ఒక్క పాఠం, ఒక్క సిమ్యులేషన్ పెట్టుకుంటే సరిపోతుంది. ఫెట్ సైటులో టీచర్లు తాము రాసుకున్న వర్క్‌షీట్లు పెట్టుకునే చోటు ఉంది, శ్రేణి-సమాంతర సంధానం మీద నేను తెలుగులో రాసుకున్నది అక్కడ పెట్టబోతున్నాను. వక్రీభవనం మీద, పీహెచ్ మీద తెలుగులో చేసుకున్నవాళ్లెవరైనా ఉంటే మీరూ పెట్టండి, వచ్చే టర్మ్‌లో నాకు ఆ రెండూ కావాలి.